డైరీలో మరో గడి: క్రెడిట్ కార్డ్ బిల్లు కట్టే తేదీ



రోజూ సాయంత్రం మీరు పిల్లల డైరీ తెరిచి, హోంవర్క్ చూసి, కింద సంతకం పెడతారు. ఈ నెల మీకు కూడా ఒక చిన్న హోంవర్క్ ఇవ్వాలనుకుంటున్నాను.

జూన్ వచ్చిందంటే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బస్సు ఛార్జీ అన్నీ ఒకేసారి మీద పడతాయి. చాలా ఇళ్లలో అప్పుడు క్రెడిట్ కార్డే ఆదుకుంటుంది. కార్డు వాడటంలో తప్పేమీ లేదు. తిరిగి కట్టాల్సిన తేదీ మర్చిపోతేనే చిక్కు.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కార్డు తీసుకున్నాను. ఒక నెల బిల్లు 860 రూపాయలే. పరీక్ష పేపర్లు దిద్దే హడావిడిలో కట్టడం మర్చిపోయాను. తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో లేట్ ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, వడ్డీ వేరే. అప్పుడు నా ఖాతాలో డబ్బు లేక కాదు, గుర్తు లేకే కట్టలేదు. "నీ క్లాసులో పిల్లలు ఇలా మర్చిపోతే ఊరుకుంటావా?" అని మా అమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

స్టేట్‌మెంట్‌లో చూడాల్సినవి

స్టేట్‌మెంట్ ఎన్ని పేజీలున్నా ముఖ్యమైనవి నాలుగే: స్టేట్‌మెంట్ తేదీ, డ్యూ డేట్, మొత్తం బాకీ, మినిమమ్ డ్యూ.

ఉదాహరణకు మీ స్టేట్‌మెంట్ ప్రతి నెలా 12న వస్తుంది, కట్టడానికి 20 రోజుల గడువు ఉంటుంది అనుకుందాం. జూన్ 14న కార్డు మీద 40,000 రూపాయల ఫీజు కట్టారు. అది జూలై 12 స్టేట్‌మెంట్‌లో వస్తుంది. డ్యూ డేట్ ఆగస్టు 1. అంటే 48 రోజులు వడ్డీ లేకుండా గడుస్తాయి. అదే ఫీజు జూలై 11న కట్టి ఉంటే మీకు దొరికేది 21 రోజులే. "50 రోజుల దాకా వడ్డీ లేదు" అనే మాటలో "దాకా" అన్నది అందుకే. పెద్ద ఖర్చు ఉంటే స్టేట్‌మెంట్ వచ్చిన మర్నాడు పెట్టుకోవడం మంచిది.

మినిమమ్ డ్యూ అంటే పాస్ మార్కులు మాత్రమే

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. 40,000 బాకీలో మినిమమ్ డ్యూ 2,000 అని ఉంటే, అది కడితే ఈ నెలకు సరిపోయిందనుకుంటాం. అది కడితే లేట్ ఫీజు పడదు, నిజమే. కానీ వడ్డీ పడుతుంది. అది కూడా డ్యూ డేట్ నుంచి కాదు, మీరు కార్డు వాడిన రోజు నుంచి.

నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుని లెక్క వేద్దాం. మిగిలిన 38,000 మీద జూన్ 14 నుంచి ఆగస్టు 12 స్టేట్‌మెంట్ దాకా 59 రోజులు. వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపితే మూడు వేలు దాటుతుంది. మీరు కట్టింది రెండు వేలు, కొత్తగా చేరింది మూడు వేలు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న కిరాణా, పెట్రోలుకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

కాబట్టి స్టేట్‌మెంట్ రాగానే మీ కళ్లు మినిమమ్ డ్యూ మీద కాదు, మొత్తం బాకీ మీద పడాలి.

మూడు రోజుల నిబంధన

రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించి ఆలస్యమైతేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోలకు ఆలస్యంగా నమోదు చేయాలి. అలా అని ఆ మూడు రోజులను గడువులో కలిపేసుకోకండి. ఆ రోజులకు కూడా వడ్డీ పడవచ్చు. లేట్ ఫీజును కూడా డ్యూ డేట్ తర్వాత మిగిలిన బాకీ మీదే లెక్కించాలి తప్ప మొత్తం బిల్లు మీద కాదు. ఇందుకు భిన్నంగా వసూలు చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

మీ హోంవర్క్

1. ఇంట్లో అందరికీ కనిపించే క్యాలెండర్‌లో ప్రతి కార్డు డ్యూ డేట్ రాయండి. దానికి నాలుగు రోజుల ముందు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మీ అసలు గడువు అదే. కొన్ని యాప్‌ల ద్వారా కట్టిన డబ్బు కార్డు ఖాతాలో చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

2. ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీయండి: కార్డు, స్టేట్‌మెంట్ తేదీ, డ్యూ డేట్, మొత్తం బాకీ, కట్టిన తేదీ. చివరి గడి ఖాళీగా ఉందంటే పని మిగిలి ఉన్నట్టే. భార్యాభర్తల్లో ఒకరు రాస్తే రెండోవారు సంతకం పెట్టండి. "నువ్వు కట్టావనుకున్నా" అనే మాట ఇంట్లో వినపడదు.

3. ఆటో డెబిట్ పెట్టుకుంటే "మొత్తం బాకీ" ఎంచుకున్నారో, "మినిమమ్ డ్యూ" ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే డెబిట్ తిరిగొస్తుంది, దానికి వేరే ఛార్జీ పడుతుంది.

4. జీతం 1న వస్తూ డ్యూ డేట్ 27న ఉంటే, బిల్లింగ్ తేదీ మార్చమని బ్యాంకును అడగండి. కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2024లో చెప్పింది.

5. ఫోన్ నంబర్, ఈమెయిల్ మారితే వెంటనే బ్యాంకుకు తెలియజేయండి. పాత నంబర్‌కు వెళ్లిన ఎస్ఎంఎస్ వల్ల ఉపయోగం లేదు.

డబ్బే సర్దుబాటు కాకపోతే

ఒక్కోసారి సమస్య మతిమరుపు కాదు, నిజంగానే డబ్బు ఉండదు. అప్పుడు మౌనంగా ఉండిపోకండి. డ్యూ డేట్‌కు ముందే బ్యాంకుకు ఫోన్ చేసి, పెద్ద మొత్తాన్ని ఈఎంఐలుగా మార్చగలరేమో అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంత అవుతుందో కనుక్కోండి. చాలాసార్లు అది కార్డు మామూలు వడ్డీ కన్నా తక్కువే ఉంటుంది. ఏమీ కుదరకపోతే మినిమమ్ డ్యూ అయినా గడువులోగా కట్టండి. ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డుతో నగదు మాత్రం తీయకండి. నగదుకు వడ్డీ లేని గడువు అసలే ఉండదు.

ఇదంతా ఎందుకంటే

పోయిన 590 రూపాయల గురించి నాకు ఇప్పుడు బాధ లేదు. ఆలస్యాలు క్రెడిట్ రిపోర్టులో నమోదవుతాయని ఆ తర్వాత తెలిసినప్పుడే నిజంగా భయం వేసింది. మీ పాప ఎనిమిదో తరగతిలో ఉందనుకోండి. నాలుగైదేళ్లలో ఇంజనీరింగ్‌కో మెడిసిన్‌కో విద్యా రుణం అవసరం కావచ్చు. ఆ రుణానికి సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టేది సాధారణంగా అమ్మో నాన్నో. అప్పుడు బ్యాంకు మీ రిపోర్టు కూడా తెరిచి చూస్తుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఈ సెలవుల్లో ఒకటి తెప్పించుకుని చూడండి. మీరు కట్టిన బిల్లు కట్టనట్టుగా కనిపిస్తే సరిచేయమని అడగండి.

ఇప్పుడు నా స్టాఫ్‌రూమ్ బీరువా తలుపు మీద ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. అందులో రెండు తేదీలు, ఒక ఎర్ర సున్నా. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీరు వచ్చినప్పుడు, మీ హోంవర్క్ పూర్తయిందా అని తప్పకుండా అడుగుతాను.