అర్హత గ్రూపు: పాయింట్లు సమానమైతే ఎవరు ముందు?

సంక్రాంతికి కాకినాడ చుట్టుపక్కల ఊళ్లలో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలు మీరు చూసే ఉంటారు. అలాంటి పోటీలకు నాకౌట్ పద్ధతి బాగా సరిపోతుంది. ఓడిన జట్టు ఇంటికి వెళుతుంది. 16 జట్లు వస్తే 15 ఆటలతో విజేత ఎవరో తేలిపోతుంది కనుక పండుగ రోజుల్లోనే పోటీ ముగించవచ్చు. అవే 16 జట్లు లీగ్ పద్ధతిలో ఒక్కొక్కటీ మిగతా అన్నింటితో ఆడాలంటే 120 ఆటలు కావాలి. జట్ల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి, రెండుతో భాగిస్తే ఈ లెక్క వస్తుంది.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఈ రెండింటికీ మధ్య దారి పట్టింది. జట్లను చిన్న చిన్న గ్రూపులుగా విడదీసి, గ్రూపు లోపల లీగ్ ఆడిస్తారు. ముందు నిలిచిన ఒకటి రెండు జట్లే పై దశకు వెళతాయి. ఐరోపా దేశాలు ప్రపంచ కప్‌కు గానీ యూరో కప్‌కు గానీ చేరేది ఇలాంటి అర్హత గ్రూపుల మీదుగానే.

గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి 0. ఇందులో ఒక మెలిక ఉంది. గెలుపోటములు తేలిన ఆటలో మొత్తం 3 పాయింట్లు పంపకమవుతాయి. డ్రా అయిన ఆటలో రెండే. అంటే డ్రా చేసుకున్న రెండు జట్లూ కలిసి ఒక పాయింటును వదులుకున్నట్లే.

హైదరాబాద్ గ్రూపు, 2008

ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి ఐరోపా దాకా వెళ్లనక్కర లేదు. 2008లో ఏ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్ గ్రూపు పోటీలు అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర రాజధాని హైదరాబాద్‌లో జరిగాయి. విజేతకు 2011 ఆసియా కప్‌లో నేరుగా చోటు దొరుకుతుంది. భారత్ చివరిసారి ఆసియా కప్ ఆడింది 1984లో. కాబట్టి మనకు ఇది పేరుకు ఛాలెంజ్ కప్ అయినా, నిజానికి అర్హత పోటీయే.

మన గ్రూపులో తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి. మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌కు వెళతాయి. అఫ్గానిస్తాన్ మీద భారత్ 1-0తో గట్టెక్కింది. ఆ ఒక్క గోల్‌ను ఇంజురీ టైమ్‌లో క్లైమాక్స్ లారెన్స్ కొట్టాడు. తజికిస్తాన్‌తో 1-1 డ్రా అయింది. తుర్క్‌మెనిస్తాన్ మీద బైచుంగ్ భూటియా రెండు గోల్స్‌తో 2-1 విజయం దక్కింది. మిగిలిన ఆటల్లో తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ 0-0 డ్రా చేసుకున్నాయి. అఫ్గానిస్తాన్‌ను తుర్క్‌మెనిస్తాన్ 5-0తో, తజికిస్తాన్ 4-0తో ఓడించాయి. చివరకు భారత్‌కు 7, తజికిస్తాన్‌కు 5, తుర్క్‌మెనిస్తాన్‌కు 4 పాయింట్లు వచ్చాయి. అఫ్గానిస్తాన్‌కు ఏమీ రాలేదు.

పట్టికలో మనం హాయిగా గెలిచినట్లే కనిపిస్తుంది. భూటియా రెండో గోల్ కొట్టలేదనుకోండి. ఆట 1-1 డ్రా. అప్పుడు మూడు జట్లకూ ఐదేసి పాయింట్లు! ఇద్దరికే చోటు ఉంది. ఎవరిని ఆపాలి?

దీనికి రెండు రకాల నియమాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది గోల్స్ తేడా, అంటే గ్రూపు మొత్తంలో కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్‌ను తీసివేయడం. ఈ లెక్కన తుర్క్‌మెనిస్తాన్‌కు +5, తజికిస్తాన్‌కు +4, భారత్‌కు +1. మనం ఇంటికి. రెండోది ముఖాముఖి పద్ధతి. సమానంగా ఉన్న జట్లు తమలో తాము ఆడిన ఆటలనే ఇందులో చూస్తారు. మూడు ఆటలూ డ్రాలే కనుక పాయింట్లూ గోల్స్ తేడా సమానం. ఆ ఆటల్లో కొట్టిన గోల్స్ చూస్తే భారత్‌కు రెండు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. ఈసారి మనమే మొదటి స్థానం! మిగిలిన ఇద్దరి ఆట 0-0 కనుక, వారి మధ్య మాత్రం గ్రూపు మొత్తం గోల్స్ తేడాకు పోవాలి. అక్కడ తజికిస్తాన్ ఆగిపోతుంది.

ఆటలు అవే, గోల్స్ అవే. నియమం మారితే ఇంటికి వెళ్లే జట్టు మారింది. అందుకే ఈ వరుసను పోటీ మొదలవక ముందే రాసి ప్రకటించాలి. రెండింటిలో ఏది న్యాయం? గోల్స్ తేడా అన్ని ఆటలకూ విలువనిస్తుంది, నిజమే. కానీ బలహీనమైన జట్టును ఎవరు ఎక్కువ చితక్కొట్టారన్నదే అర్హతను నిర్ణయిస్తుంటే, ముఖాముఖి లెక్కే మేలనిపిస్తుంది.

తరువాత సెమీఫైనల్‌లో మయన్మార్‌పై సునీల్ ఛెత్రీ గోల్‌తో 1-0. వానల వల్ల హైదరాబాద్ మైదానం పాడై, ఫైనల్‌ను ఢిల్లీలోని అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న ఛెత్రీ మూడు, భూటియా ఒకటి కొట్టగా తజికిస్తాన్‌పై 4-1తో గెలిచాం. దోహాలో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో వరుసగా ఓడాం. అది వేరే సంగతి.

ఐరోపాలో ఒక గ్రూపు

ఐరోపా అర్హత గ్రూపులో ప్రతి జట్టూ ప్రత్యర్థితో ఒకసారి సొంత గడ్డపైన, మరోసారి వారి దేశంలో ఆడడం పరిపాటి. 2022 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో గ్రూపు సి ఇలాంటిదే: ఇటలీ, స్విట్జర్లాండ్, ఉత్తర ఐర్లాండ్, బల్గేరియా, లిథువేనియా. ఐదు జట్లు, జట్టుకు ఎనిమిది ఆటలు. మొదటి జట్టుకే నేరుగా ప్రవేశం. రెండో జట్టు ప్లేఆఫ్ ఆడాలి.

2021 జూలైలో యూరో కప్ గెలిచిన ఇటలీ ఈ గ్రూపులో ఒక్క ఆట కూడా ఓడలేదు. స్విట్జర్లాండ్‌తో ఆడిన రెండు ఆటలూ డ్రా అయ్యాయి. రెండింటిలోనూ జోర్జిన్యో పెనాల్టీ వృథా చేశాడు. చివరి రోజుకు ముందు రెండు జట్లకూ 15 పాయింట్లు. ఆ పోటీల్లో గోల్స్ తేడాదే తొలి ప్రాధాన్యం కనుక +11తో ఇటలీ ముందుంది, స్విట్జర్లాండ్‌ది +9. నవంబరు 15న స్విట్జర్లాండ్ బల్గేరియాను 4-0తో ఓడించింది. ఇటలీ ఉత్తర ఐర్లాండ్‌తో 0-0 దగ్గరే ఆగిపోయింది. నాలుగు విజయాలు, నాలుగు డ్రాలు: 16 పాయింట్లు. స్విట్జర్లాండ్‌కు 18. ప్లేఆఫ్‌లో ఉత్తర మాసిడోనియా చేతిలో 0-1తో ఓడి, ఐరోపా విజేత ప్రపంచ కప్‌కు దూరమైంది.

యూరో కప్ అర్హత గ్రూపుల్లో మాత్రం పాయింట్లు సమానమైతే ముందుగా ముఖాముఖి ఫలితాలనే చూస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

హైదరాబాద్ గ్రూపులో భారత్–తుర్క్‌మెనిస్తాన్ ఆట 0-0గా ముగిసి, మిగతా ఫలితాలన్నీ అలాగే ఉన్నాయనుకోండి. (అ) గోల్స్ తేడా పద్ధతిలో, (ఆ) ముఖాముఖి పద్ధతిలో సెమీఫైనల్‌కు వెళ్లే రెండు జట్లు ఏవి? రెండు పట్టికలూ వేసి చూపండి.