అద్దె కొరకు ఇల్లు కొనేముందు

గల్ఫ్ దేశాలలో ఏళ్ళ తరబడి శ్రమించి కూడబెట్టిన సొమ్ముతోనో, ఉద్యోగ విరమణ నాడు చేతికందిన మొత్తంతోనో ఒక ఇల్లు కొని అద్దెకు ఇవ్వాలనే ఆలోచన మన కుటుంబాలలో సర్వసాధారణం. ఇంటి వినియోగానికి ప్రతిఫలంగా అద్దె పొందటం ధర్మసమ్మతమైన సంపాదనే. అయితే హలాల్ అయినంత మాత్రాన ప్రతి బేరమూ లాభసాటి కాదు. మధ్యవర్తి చెప్పే లెక్క వేరు, సంవత్సరాంతాన మన చేతిలో మిగిలేది వేరు. ఈ రెండవ లెక్కను బయానా ఇవ్వక ముందే వేసుకోవాలని మేము సూచిస్తున్నాము.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాదు శివారులో ఒక ఫ్లాటు ధర 50 లక్షలు, అద్దె నెలకు 15,000 రూపాయలు అనుకుందాం. “ఏడాదికి 1,80,000 వస్తుంది” అంటాడు మధ్యవర్తి. కాని స్టాంపు, రిజిస్ట్రేషను రుసుములు సుమారు 7.5 శాతం, అంటే 3,75,000. రంగులకు, నల్లాలకు, తలుపుల మరమ్మతుకు మరో 1,25,000 పెడితే అసలు పెట్టుబడి 55 లక్షలవుతుంది. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే వచ్చే అద్దె 1,65,000. అందులో ఇంటిపన్ను, నిర్వహణ, చిన్నచిన్న మరమ్మతులకు 35,000 పోగా మిగిలేది 1,30,000. అంటే నూటికి ఏడాదికి రెండున్నర రూపాయలు కూడా రావటం లేదు.

ఇదే ఫ్లాటును 8.5 శాతం వడ్డీకి 40 లక్షల అప్పు తెచ్చి కొంటే, మొదటి ఏడాది వడ్డీయే సుమారు 3,40,000. వడ్డీ నిషిద్ధమన్నది మనకు తెలిసినదే. ఇక్కడ లెక్క కూడా అదే మాట చెబుతున్నది. “రేపు ధర పెరుగుతుంది కదా” అని కొందరంటారు. పెరగవచ్చు, పెరగకపోవచ్చు. రేపటి సంగతి అల్లాహ్‌కే ఎరుక. దానిని లెక్కలో చేర్చకుండానే బేరం నిలబడాలి.

అద్దె ఎంత వస్తుందో అమ్మేవారిని అడిగి ఊరుకోరాదు. ఆ వీధిలో టూలెట్ బోర్డులున్న ఇళ్ళకు వెళ్ళి, ఎంతకు ఇస్తున్నారో, ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నాయో విచారించాలి. వేసవిలో నీటి వసతి ఎలా ఉంటుందో ఇరుగుపొరుగును అడగాలి.

తరువాత పత్రాలు. లింకు దస్తావేజులను, ఇ.సి.ని న్యాయవాదికి చూపించాలి. ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉన్నదేమో, వక్ఫ్ భూమి ఏమో తప్పక విచారించాలి. వక్ఫ్ ఆస్తిని అమ్మే హక్కు ఎవరికీ లేదు. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే, అమ్మేవారి అక్కచెల్లెళ్ళు కూడా సంతకం చేశారా అని చూడాలి. వారి వాటాను ఎగవేసిన ఇంటిని కొనటం న్యాయస్థానంలోనూ చిక్కే, అల్లాహ్ ఎదుటా చిక్కే.

ఇంటి ధరకు డబ్బు చాలక, కిరాయిదారు నుండి పెద్ద మొత్తం తీసుకొని, అద్దె లేకుండా ఇంటిని గిర్వీకి ఇచ్చేవారున్నారు. అది నిజానికి అప్పు. ఆ అప్పుకు బదులుగా ఇంటిలో ఉచితంగా నివసించటం వడ్డీ కిందికే వస్తుందని అత్యధిక ఉలమాల అభిప్రాయం. మామూలు డిపాజిట్టు సైతం తిరిగి ఇవ్వవలసిన సొమ్మే గనుక దానిని పెట్టుబడిగా లెక్కించరాదు. షరతులన్నీ వ్రాసుకోవాలి. ఏడాదికి మించిన ఒప్పందమైతే రిజిస్ట్రేషను తప్పనిసరి.

జకాత్ విషయం కూడా గుర్తుంచుకోవాలి. అద్దెకు ఇచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదు. ఖర్చులు పోగా కూడిన అద్దె సొమ్ము నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే 2.5 శాతం చెల్లించాలి. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న ఇల్లయితే దాని మార్కెట్ విలువపైనే జకాత్ ఉంటుంది.

కనుక సోదరులారా, బయానా ఇచ్చే ముందు ఒక కాగితంపై ఈ లెక్కంతా వ్రాసి ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. ఇల్లాలి అభిప్రాయం అడగండి. లెక్క కుదరకపోతే ఆ బేరాన్ని వదులుకోవటంలో నామోషీ లేదు. ఏళ్ళ చెమటతో కూడిన సొమ్ము తొందరపాటుతో చేజారితే మళ్ళీ సమకూరటం కష్టం.