అభ్యాస పరీక్షలో తగ్గిన మార్కులు



బెజవాడ చేరువ గుణదలలో 1980లో వెలసిన సిద్ధార్థ వైద్య కళాశాలను మీలో పలువురు చూచియే యుందురు. అందు చేరగోరు విద్యార్థి నీట్ అను ప్రవేశ పరీక్షలో నెగ్గవలెను. అందులకై నెలల తరబడి అభ్యాస పరీక్షలు వ్రాయుచుండును. ఒకనాడు మార్కులు తగ్గినవని మనుమడో మనుమరాలో తలవంచుకొని యింటికి వచ్చినచో మనమేమి చేయవలెను?

ముందు లెక్క చూతము. 2025 నాటి పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు, 720 మార్కులు. ఒప్పునకు 4 మార్కులు. తప్పునకు 1 కోత. మీ రెరిగిన వెనుకటి ఎంసెట్‌లో ఈ కోత లేదు. 100 ఒప్పులు, 80 తప్పులు అయినచో వచ్చునవి 320. ఆ తప్పులలో 20 తెలిసియు తొందరచే తప్పినవి యనుకొనుడు. వానిని దిద్దుకొన్నచో 420. క్రొత్త పాఠమొక్కటియు చదువకయే నూరు మార్కులు పెరిగినవి!

కావున ప్రతి పరీక్ష పిదప తప్పులను మూడు పోగులు చేయింపుడు: పాఠము రానివి, ప్రశ్న సరిగా చదువనివి, సమయము చాలక గ్రుడ్డిగా గుర్తించినవి. మొదటివానికి పుస్తకము, రెండవవానికి నిదానము, మూడవవానికి గడియారము నెదుట నుంచుకొని చేయు సాధన మందు. వారము గడచిన వెనుక ఆ ప్రశ్నలనే మరల చేయింపుడు.

వైద్యుడు జ్వరము చూచి రోగిని నిందింపడు, కారణము వెదకును. మనమును "ఎన్ని వచ్చినవి?" అని గద్దింపక, "ఏవి తప్పినవి? ఏల తప్పినవి?" అని చల్లగా అడుగుదము. కంటినిండ నిద్రపోనిత్తము. సీటు వచ్చినను రాకున్నను తాను మన బిడ్డయేనని ఆ బిడ్డకు తెలియవలెను.