కారు గెంతితే తొండి కాదు

గండికోట: పెన్నా లోయ అంచున కూర్చొని కువైటులో ఉన్న చిన్నాయన కొడుకుతో కార్ల పందెం ఆడవచ్చంటే ఒకప్పుడు ఎవరూ నమ్మి ఉండరు. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉంటే చాలు. అయితే పందెంతోపాటు తగాదాలూ వస్తున్నవి. ముందు పోతున్న కారు ఉన్నట్టుండి వెనక్కి గెంతుతుంది, గోడలోంచి దూరిపోతుంది. గెలిచాననుకున్న కుర్రవాడు మూడో స్థానంలో తేలుతాడు. "తొండి ఆడుతున్నావు" అని ఒకడు, "నీ సెల్లే బాగాలేదు" అని ఇంకొకడు. పిల్లల పోరు పడలేక, శనగలమ్మిన సొమ్ములోంచి పెద్ద ప్లాను వేయించే తండ్రులూ లేకపోలేదు. ఆ తరువాత కూడా కారు గెంతుతూనే ఉంటుంది.

ఇందులో చాలావరకు తొండి ఏమీ లేదు. ఆటగాళ్ళు దీనిని ల్యాగ్ అంటారు. వార్త చేరడంలో జాప్యమన్నమాట. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 50 మీటర్లు కదులుతుంది. వార్త సెకనులో పదోవంతు, అంటే 100 మిల్లీ సెకన్లు ఆలస్యమైతే కారు 5 మీటర్లు, అంటే దాదాపు తన పొడవంత తేడాతో కనిపిస్తుంది. చదరంగంలో ఈపాటి ఆలస్యం ఎవరికీ పట్టదు. పందెంలో గెలుపోటములు దాని మీదే ఉంటాయి.

పెద్ద ప్లాను ఎందుకు పనిచేయదో గండికోట జలాశయం చూసినవారికి సులభంగా తెలుస్తుంది. అవుకు నుంచి వచ్చే కాలువను వెడల్పు చేస్తే నీరు ఎక్కువ వస్తుందే గానీ అవుకు మన దగ్గరకు జరగదు. ఎంబీపీఎస్ అనేది కాలువ వెడల్పు. ఆటకు ముఖ్యమైనది ప్రయాణకాలం, దాని లెక్క పింగ్. ఫైబరు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కువైటు ఇక్కడికి తిన్నగా కొలిస్తేనే సుమారు 3,500 కిలోమీటర్లు. రానుపోను 35 మిల్లీ సెకన్లు, ఎంత డబ్బు పోసినా తగ్గవు. తీగలు తిన్నగా రావు గనుక నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఆటను తన యంత్రం మీద నడిపించేవాడిని హోస్టు అంటారు. బండలాగుడు పోటీలో ఎద్దుల యజమానే అంపైరుగా నిలబడితే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే ఉంటుంది. అతని కారుకు జాప్యం లేదు, మిగతావారికి ఉంది. కావాలని చేసింది కాదు గదా! ఎనిమిదిమంది ఆడుతుంటే ఏడుగురికీ వార్తలు పంపవలసింది అతని యంత్రమే. కాబట్టి చూడవలసింది డౌన్‌లోడు కంటే అప్‌లోడు. అదే సమయంలో ఇంట్లో ఎవరైనా పెళ్ళి వీడియో పైకి ఎక్కిస్తున్నా, ఫోను తనంతట తాను ఫొటోలు దాచుకుంటున్నా ఆ సన్నని తూము నిండిపోయి పందెం వార్తలు వరుసలో ఆగిపోతాయి. ముందు అవి ఆపాలి.

ఎవరి కారు గెంతుతున్నదో గమనించండి. ఒక్కడిదే అయితే లోపం అతని లైనులో ఉన్నది. అందరివీ అయితే హోస్టు దగ్గర వెతకాలి. హోస్టు తెర మీదే బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే నెట్‌ను తిట్టి లాభం లేదు. మే నెల ఎండలకు ఫోను వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది.

కంప్యూటరు ఉన్నవారు కమాండు తెరలో పింగ్ అని కొట్టి, పక్కన రౌటరు అంకె ఇవ్వాలి. చాలా ఇళ్ళలో అది 192.168.1.1. ప్రతిసారీ ఒకటి రెండు మిల్లీ సెకన్లు వస్తే ఇంట్లో అంతా సరిగా ఉన్నట్టే. ఒకసారి 3, మరొకసారి 150 వస్తే దోషం వైఫైది. మన రాతిగోడలు దానిని బాగా అడ్డుకుంటాయి. రౌటరు నుంచి తీగ లాగితే చాలామందికి ఇక్కడితోనే బాధ తీరుతుంది. ఆ తరువాత బయటి చిరునామాకు పింగ్ కొట్టాలి. 30 నుంచి 300కు ఊగే లైను కంటే కదలకుండా 80 చూపే లైను మేలు. రాత్రి వేళ మాత్రమే ఊగితే రద్దీ అనుకోవచ్చు. తీగతో కూడా రోజంతా ఊగితే ఆ అంకెలు రాసుకొని కంపెనీకి ఫిర్యాదు చేయాలి. పెద్ద ప్లాను మాట ఆ తరువాత.

స్నేహితులు ఆటలోకి అసలు రాలేకపోతే అది వేరే సంగతి. కొన్ని కంపెనీలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తాయి. పబ్లిక్ ఐపీ ఇవ్వమని అడగాలి.

అందరూ ఊళ్ళోనే ఉంటే ఇంటర్నెట్టే అక్కరలేదు. ఒక ఫోను హాట్‌స్పాటు పెట్టి మిగతావారు దానికి కలిస్తే చాలు. సూపర్ టక్స్ కార్ట్ అనే ఉచిత ఆట ఇట్లా నడుస్తుంది. 2019లో వచ్చిన 1.0 వెర్షను నుంచి దూరపు వారితోనూ ఆడవచ్చు. కువైటు అన్నతో ఆడాలంటే ముంబయిలో అద్దె సర్వరు తీసుకోవడం ఒక దారి. అప్పుడు అంపైరు ఎవరి పక్షమూ కాదు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. సెలవులు శుక్ర, శనివారాలు. ఇక్కడ రెండో శనివారం బడి లేకపోతే ఇద్దరికీ కుదురుతుంది.