ఇంజిన్‌లో చిన్న బిరడా

జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సిమెంటు లారీల వెంట తిరిగి తిరిగి మీ కారు ఇంజిన్ పనికొచ్చిందా? బోరు, పిస్టన్ల ధర అందరూ అడుగుతారు. ఆయిల్ దారుల డమ్మీ ప్లగ్గుల ఊసు ఎవరూ ఎత్తరు!

బ్లాకులో ఆయిల్ పారే దారుల్ని ఫ్యాక్టరీలో బయటి నుంచే తొలుస్తారు. తర్వాత ఆ రంధ్రాలకు బిరడాలు బిగిస్తారు. బోరు చేశాక వాటిని తీసి కడగకపోతే ఇనుప రజను లోపలే ఉండిపోయి బేరింగుల్ని గీరేస్తుంది. తీసినవాటినే మళ్లీ కొట్టడమూ తప్పే. గిన్నెలా ఉండే రకమైతే అదే కొలతలో కొత్తవి వేసి, ఊడకుండా రంధ్రం అంచును ఉలితో అక్కడక్కడా నొక్కాలి. మరల రకం గట్టిదే. కానీ పొడవెక్కువైతే పక్క దారిని మూసేస్తుంది, అతిగా బిగిస్తే బ్లాకే చిట్లొచ్చు. టెఫ్లాన్ టేపు చుట్టారంటే దాని పీలికలు ఆయిల్లో పడే ప్రమాదం.

టైమింగ్ కవరు వెనక ప్లగ్గు ఊడితే కింద చుక్క కూడా కారదు. ఆయిలంతా లోపలే సంపులోకి జారిపోతుంది. డ్యాష్‌బోర్డుపై ఎర్రలైటు వెలిగినా ‘షెడ్డు దాకా పోదాం’ అనుకుంటే క్రాంకు పోయినట్టే! అందుకే కవరు మూయకముందే ఓసారి వెళ్లి, ప్లగ్గులు చూపించమనండి. మేస్త్రీ విసుక్కున్నా సరే.