చింతచెట్టు మీది కొంగ సైబీరియాది కాదు

అపోహ: తేలినీలాపురం, వీరాపురం చెట్ల మీద గూళ్లు కట్టేవి సైబీరియా నుంచి వచ్చిన పక్షులు.

వాస్తవం: ఏటా పత్రికల్లో, టీవీల్లో ఈ మాట వింటూనే ఉన్నాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో దిగేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. రాయలసీమలోని వీరాపురంలోనూ ఎర్రకాళ్ల కొంగలే. సైబీరియాతో వీటికి ఏ సంబంధమూ లేదు. వానను బట్టి, చేపను బట్టి మన దేశంలోనే చోటు మారుతుంటాయి. గుర్తుపట్టడం సులువు. చలిదేశపు పక్షి ఇక్కడికి తిండి కోసం వస్తుంది, గుడ్లు మాత్రం తన ఉత్తరాది నేల మీదే పెడుతుంది. మీ ఊరి చెట్టెక్కి పిల్లల్ని సాకుతోందంటే అది ఇక్కడి పక్షే. పైగా సైబీరియన్ క్రేన్ చెట్టు మీద గూడు కట్టదు, నీటిగడ్డి మధ్య నేల మీద కడుతుంది. ఈ తేడా చిన్నదేం కాదు. చుట్టం అనుకుంటే, తిరిగి వెళ్లడానికి వేరే ఇల్లుందని ధీమాగా ఉంటాం. ఈ పక్షులకు వేరే ఇల్లు లేదు.

అపోహ: అసలు సైబీరియన్ క్రేన్లు ఇప్పటికీ మన దేశానికి వస్తున్నాయి.

వాస్తవం: రావడం లేదు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముఖం ఉండే ఈ పక్షులు 1960లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు 200 దాకా వచ్చేవి. 2001–02 చలికాలంలో ఒక్క జంట కనిపించింది. ఆ తర్వాత అదీ లేదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా వచ్చే దారిలో వేట, ఎండిన సరస్సులు వాటిని మింగేశాయి. క్రేన్ పిల్ల తొలి వలసలో తల్లిదండ్రుల వెంట ఎగిరి దారి నేర్చుకుంటుంది. పెద్దలు పోతే దారీ పోతుంది. 1990లలో మనుషులు పెంచిన పిల్లల్ని భరత్‌పూర్‌లో వేరే జాతి క్రేన్ల మధ్య వదిలి చూశారు. అవి ఆ గుంపుతో కలిసి వలస వెళ్లలేదు.

అపోహ: పశువుల్ని, మనుషుల్ని వెళ్లగొడితే చిత్తడినేల బాగుపడుతుంది.

వాస్తవం: భరత్‌పూర్‌లో ఆ క్రేన్లు దిగిన కేవలాదేవ్ చిత్తడినేలలో ఇది చేసి చూశారు. నేషనల్ పార్కు చేశాక 1982లో పశువుల మేతను నిషేధించారు. తరతరాలుగా గేదెలు తోలుకెళ్లిన ఊళ్లవాళ్లు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ తర్వాత ఏమైంది? గేదెలు మేసి అదుపులో ఉంచిన పాస్పలం అనే గడ్డి నీటిని కప్పేసింది. బాతులు ఈదే తెరిపి నీరు తగ్గిపోయింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, మేత ఆపడం ఆ నేలకు చేటు చేసిందని చెప్పింది. అసలు ఆ చిత్తడినేల 18వ శతాబ్దంలో మనుషులు పోసిన కట్టల వల్ల ఏర్పడిందే. అంతమాత్రాన ప్రతి చెరువులోకీ మందల్ని తోలమని కాదు. కానీ అక్కడి మనుషుల్ని ముందే అడిగి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు, ఆ నీళ్లు పూడేవి కావు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

అపోహ: నీళ్లుంటే చాలు, పక్షులు వాలతాయి.

వాస్తవం: ఎంత లోతు నీళ్లన్నది ముఖ్యం. మిగిలిన సైబీరియన్ క్రేన్లలో దాదాపు అన్నీ చైనాలోని పోయాంగ్ సరస్సు పరిసరాల్లో చలికాలం గడుపుతాయి. అవి బురదలోని దుంపల్ని ముక్కుతో తవ్వుకు తింటాయి. నీరు కాళ్లను మించితే దుంప అందదు. 2010 వేసవి వరదలకు ఆ దుంపల మొక్కలే దెబ్బతిని, ఆ చలికాలం క్రేన్లు గడ్డినేలల్లో తిండి వెతుక్కున్నాయి. మన కొల్లేరులోనూ ఇదే చిక్కు. చేపల చెరువు నిండా నీళ్లే. కానీ నిలువు గట్లు, నడుములోతు నీళ్లు ఉన్నచోట నడిచి వేటాడే కొంగకు కాలు మోపే చోటెక్కడ? 2006లో ప్రభుత్వం వేల ఎకరాల చేపల చెరువుల గట్లు కొట్టేసింది. చాలాచోట్ల మళ్లీ లేచాయి. కొల్లేరులో నీళ్లు పెంచాలా అని వాదించుకునేవాళ్లు, మోకాలిలోతు అంచులు ఎన్ని ఎకరాలు మిగిలాయో కూడా లెక్క తీయాలి.