పాత పడవలో కాపురము

ఇల్లనగానే మనకు పునాది జ్ఞప్తికి వచ్చును. పడవను ఇల్లుగా చేసికొన్నవారికి నీరే పునాది. ఆ నీటినుండియే ఇంటిని కాపాడుకొనుట వారి నిత్యకృత్యము. సరుకులు మోసి మోసి అలసిన పాత పడవను బాగుచేసి అందు నివసించుట యెట్టిదో, దానివలన ఎంతటి మేలు కలుగగలదో తెలిసికొనుటకు ఇంగ్లండునందలి ‘క్రెస్సీ’ అను పడవ చరిత్రను పరిశీలింతము.

18వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండు నడుమ ప్రాంతములలో త్రవ్విన పెక్కు కాలువలపై లాకుల వెడల్పు సుమారు 7 అడుగులు మాత్రమే. మన గోదావరి, కృష్ణా కాలువలను చూచినవారికి లాకు అనగానేమో వివరింప నక్కరలేదు. ఆ ఇరుకునకు తగినట్లు అచ్చటి పడవలను సన్నగా, సుమారు 70 అడుగుల పొడవున నిర్మించిరి. ఒడ్డున నడచు గుర్రము పడవను లాగెడిది. నడిమి భాగమంతయు సరుకునకే. వెనుక కొసనున్న చిన్న గదిలో పడవవాని కుటుంబమంతయు కాపురముండెడిది. రైళ్లు, తరువాత లారీలు వచ్చి సరుకును తీసికొనిపోగా, కాలువలు పూడిపోసాగెను. పడవలు ఒడ్డున పడి శిథిలము కాజొచ్చెను.

ఇట్టి కాలమున ఎల్. టి. సి. రోల్ట్ అను ఇంజనీరు క్రెస్సీని నివాసముగా మార్ప సంకల్పించెను. 1939లో బాన్‌బరీ పట్టణమందలి టూలీవారి పడవల కార్ఖానాలో ఆ పని జరిగెను. సరుకులుండిన చోట నివాసపు గదులు వెలసెను. ఆ సంవత్సరము జులై నెలలో రోల్ట్ తన భార్య ఏంజెలాతో కలిసి ప్రయాణము సాగించెను.

గదుల అమరికకంటె ముఖ్యమైనది పడవ అడుగుభాగము. దానిని చూడవలెనన్న పడవను రేవు గుంటలోనికి తెచ్చి, తలుపు బిగించి, నీటిని తోడివేయవలెను. ఇట్టి పడవల ప్రక్కలకు ఓక్ కలపను, అడుగునకు ఎల్మ్ పలకలను వాడుట పరిపాటి. ఎల్మ్ కలప ఎడతెగక తడిసియున్నంతకాలము చెడదు. తడియు పొడియు మారుచుండిన చోటనే కుళ్లు ప్రవేశించును. అందుచేత క్రింది కాలువ నీటికంటె, పైకప్పు సందులనుండి కారి మూలల నిలిచిన వాననీరే పడవకు ప్రబల శత్రువు. పలకల సందులలో నార కూరి, తారు పూసి, చివికిన పలకను తీసి క్రొత్తది వేయవలెను. ఈ పని యొకనాటితో ముగియునది కాదు.

కాపురము సంగతియు అట్టిదే. నీటిని కొలిచి వాడవలెను. ప్రతి వస్తువునకు నియతమైన తావు ఉండవలెను.

రోల్ట్ తన ప్రయాణమును ‘నారో బోట్’ అను గ్రంథముగా వ్రాయగా, అది 1944లో వెలువడెను. దానిని చదివిన రాబర్ట్ ఎయిక్‌మన్ 1945లో టార్డెబిగ్ వద్ద క్రెస్సీకి వచ్చి రోల్టును కలిసికొనెను. మరుసటి సంవత్సరము కాలువల రక్షణకై సంఘమేర్పడెను. బర్మింగ్‌హామ్ సమీపమున స్ట్రాట్‌ఫర్డ్ కాలువపై ఒక వంతెన, పడవలు పోలేనంత క్రిందుగా ఉండెను. ముందుగా తెలిపినచో దానిని పైకెత్తెదమను హామీ మాత్రముండెను. 1947లో రోల్ట్ దంపతులు క్రెస్సీతో అచ్చటికి వెళ్లి ఆ హామీని నెరవేర్పించిరి. ఆ కాలువపై పడవ నడపు హక్కు ఇంకను జీవించియున్నదని లోకము గ్రహించెను.

క్రెస్సీ మాత్రము దీర్ఘాయువు కాలేదు. 1951 నాటికి దాని అడుగు బాగుచేయరానంతగా చెడినది. రోల్ట్ దానిని విడువవలసివచ్చెను. కాని దశాబ్దముల తరబడి పూడియున్న కాలువలు, స్వచ్ఛందముగా పనిచేసినవారి శ్రమచే, ఒక్కొక్కటిగా తెరువబడెను. కెన్నెట్–ఎవాన్ కాలువ 1990లో మరల ఆద్యంతము ప్రారంభమయ్యెను. బాన్‌బరీ కార్ఖానా నేటికిని పనిచేయుచున్నది.

పురాతన వస్తువును గాజుబీరువాలో దాచుట ఒక రక్షణ. దానితో నిత్యము పనిచేయించుట వేరొక రక్షణ. రెండవదానిలో వస్తువు అరుగును, మారును, తుదకు నశింపవచ్చును. అయినను ఏ నీటిపై అది నడచెనో, ఆ నీటి దారిని అది నిలిపిపోవును. క్రెస్సీ చేసినది అదియే.